యాదగిరి వంతు ఎప్పుడు?

*పేరులోని తొలి అక్షరము పరీక్షగదిలో, పరిశోధన పత్రములో, ఉద్యోగ జాబితాలో మనిషి స్థానమును నిర్ణయించుచున్నది. ఉస్మానియా ప్రాంగణమునను తార్నాకలోను ఆ అక్షరక్రమము వెంట నడచి చూచిన కథనమిది.*

ప్రాక్టికల్ పరీక్షలనాటి ఉదయమున, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో చెట్లనీడలు ఇంకను పొడుగుగా పరచుకొనియున్న వేళ, జీవరసాయన ప్రయోగశాల వాకిట తెల్లకోట్లు తొడిగిన విద్యార్థులు ఖాకీ అట్టలు వేసిన రికార్డు పుస్తకములను రొమ్మునకు హత్తుకొని నిలిచియుందురు. లోపల బల్లలపై వరుసగా పరీక్షనాళికలు. వానిలోని ఫాస్ఫేటు ద్రావణమునకు అమ్మోనియం మాలిబ్డేటును, ఆ వెనుక ఎ.ఎన్.ఎస్.ఎ. అని విద్యార్థులు పిలుచు మరియొక ద్రావణమును చేర్చినపుడు, అంతవరకు తేటగానున్న నీరు మెల్లమెల్లగా నీలివన్నె తాల్చును. ఆ నీలిమ ఎంత చిక్కనిదో కలరీమీటరులో చూచి, ఫాస్ఫరసు ఎంతయున్నదో లెక్కగట్టవలెను. ఈ ప్రయోగమునకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతియని పేరు.

పదిగంటలకు వేరొక కళాశాలనుండి ఎక్స్‌టర్నల్ అనబడు పరీక్షకుడు వచ్చి కూర్చుండును. అటెండరు గుమ్మమున నిలిచి, "ఒకటి నుంచి పది లోపలికి రండి" అని కేకవేయును. ఆ పదిమందియు ఏ, బి అక్షరములతో పేర్లు మొదలగువారు. యు, వి, వై అక్షరములవారు వాకిటనే నిలిచిపోవుదురు. "మనది లంచ్ తర్వాతనే గదనే" అని ఒక పిల్ల అనగా, గోడకు చేరగిలబడిన వై అక్షరపు అమ్మాయి రికార్డులోనుండి తల ఎత్తకయే, "నాకు ఎల్‌కేజీ నుంచి లంచ్ తర్వాతనే" అని బదులిచ్చును.

ఉదయమున వైవాకు కూర్చున్న విద్యార్థిని ఎక్స్‌టర్నల్ నింపాదిగా ప్రశ్నించును. తడబడినచో దారి చూపును. మరియొక ప్రశ్నవేసి, పోయిన మార్కును తిరిగి సంపాదించుకొను అవకాశమిచ్చును. నాలుగుగంటల వేళకు ఆయన ముందు మార్కుల పట్టీ నింపవలసియుండును, కూడవలసియుండును, సంతకములు చేసి కవరు అంటింపవలసియుండును. ఊరికి పోవు బస్సు వేళయు తలపున మెదలుచుండును. చివరి వారికి ఒకే ప్రశ్నతో గండము గడచిపోవునుగదా, అది మేలేగదా అని కొందరందురు. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానము తోచనివారికి రెండవ ప్రశ్న లేకపోవుటయే ఇందలి కష్టమని నేననుకొందును. ఉదయము వచ్చిన పరీక్షకుడును, సాయంత్రము వెళ్లబోవు పరీక్షకుడును ఒకే మనిషి. విద్యార్థులు ఎదుర్కొను పరీక్షలు మాత్రము రెండు.

ఒక్కనాటి నిరీక్షణ పెద్ద అన్యాయము కాదు. బడిలో హాజరు పిలుచునపుడు, పుస్తకములు పంచునపుడు, ల్యాబులో బల్లలు కేటాయించునపుడు, వైవాలో, పట్టాలు అందుకొనునపుడు, ప్రతిసారియు ఆ మనుష్యులే ముందు, ఆ మనుష్యులే వెనుక అగుట అన్యాయము.

నీలిమ వెనుకనున్న పేరు

ఆ పరీక్షనాళికలోని నీలిమకు పేరిచ్చిన ఇద్దరిలో రెండవవాడు మనవాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని హార్వర్డు చేరి, సైరస్ ఫిస్కే అను ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేసెను. ఫాస్ఫరసును కొలుచు ఈ పద్ధతిని వారిరువురు 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించిరి. కండరమునకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను గూర్చిన పరిశోధనలును ఆ జంట పేర్లతోనే వెలువడినవి. అన్నింటను ముందు ఫిస్కే, వెనుక సుబ్బారావు. ఫిస్కే ప్రయోగశాలకు పెద్ద. కావున ఆ వరుసను అక్షరమాల ఒక్కటియే నిర్ణయించినదనుట తగదు. అయినను హోదాయు అక్షరక్రమమును ఒకే పక్షమున నిలిచినపుడు రెండవ పేరువానికి మిగులునదేమో సుబ్బారావు జీవితము చెప్పుచున్నది. హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్లి, అచటి పరిశోధనలకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందైన హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటివానిని లోకమునకు అందించిన కృషిని నడిపి, 1948లో కన్నుమూసెను.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన వరుస కల్యంపూడి రాధాకృష్ణారావుగారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, సంఖ్యాశాస్త్రమున జగత్ప్రసిద్ధుడై, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారమునంది, అదే సంవత్సరము 102 ఏండ్ల వయస్సున గతించిన ఈ మహనీయుని పేర మన నగరములోనే, గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణమున, ఒక పరిశోధన సంస్థ నెలకొనియున్నది. సంఖ్యాశాస్త్ర విద్యార్థులందరును వల్లించు క్రామేర్–రావు అసమీకరణమునకు మూలమైన రావుగారి వ్యాసము 1945లో వచ్చినది; క్రామేర్ గ్రంథము 1946లో వచ్చినది. పేర్ల వరుస ఆంగ్లాక్షర క్రమముతో సరిపోవుచున్నది, కాలక్రమముతో సరిపోవుటలేదు. రావుగారు మన పద్ధతిచొప్పున ఇంటిపేరుతో, సి అక్షరముతో మొదలగు కల్యంపూడిగా, లోకమునకు పరిచయమైయుండినచో, అక్షరక్రమమునగూడ క్రామేర్‌కు ముందే నిలిచియుండెడివారు. మరొక సిద్ధాంతమునకు మాత్రము రావు–బ్లాక్‌వెల్ అని పేరు. అక్కడ ఆర్ అక్షరము బి అక్షరమునకు ముందు నిలిచినది, ఏలయన రావుగారిది 1945, బ్లాక్‌వెల్‌ది 1947. ఎవరు ముందు చేసిరో చూచి పేరు పెట్టుట అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

> మూడు లిపులు, మూడు స్థానములు
>
> యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరిట తెలంగాణ పల్లెలలో యాదగిరి అను పేరు ఇంటింట వినవచ్చును. ఆంగ్ల అక్షరక్రమమున అది వై; దాని వెనుక జడ్ ఒక్కటే. 1918లో ఉస్మానియా నెలకొన్నపుడు బోధనభాషయైన ఉర్దూలో వ్రాసినచో, యే అక్షరము వర్ణమాలకే కడపటిది. తెలుగున వ్రాసినచో మాత్రము య ముందు, ర, ల, వ, శ, స, హ వెనుక. యాదగిరి ఒక్కసారిగా రాములును, వెంకటయ్యను, సత్తయ్యను దాటిపోవును. అంజయ్యయో, మూడు లిపులలోను మొదటనే.
>
> సంస్కృతమున అమరకోశము పదములను వర్గములుగా కూర్చినదిగాని అక్షరక్రమమున కాదు. సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యుల 1885 నాటి శబ్దరత్నాకరము మనకు అకారాదిక్రమమును అలవాటు చేసిన గ్రంథములలో ముఖ్యమైనవి. పదములను వెదకుటకు పుట్టిన క్రమము మనుష్యులను నిలబెట్టుటకు వచ్చి చేరినది.

లెక్కలు చెప్పినది

ఇదంతయు చివరి బెంచీవారి ఉక్రోషమని త్రోసిపుచ్చుటకు వీలులేకుండ ఇటీవల కొన్ని పరిశోధనలు వచ్చినవి. 2024లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అధ్యాపకులు కంప్యూటరుపై వేసిన మూడుకోట్లకు పైబడిన మార్కుల నమోదులను పరిశీలించిరి. అందుకు వాడిన సాఫ్ట్‌వేరు, ఎవరును మార్చనిచో, విద్యార్థుల పనిని ఇంటిపేరు అక్షరక్రమమున చూపును. అట్లు దిద్దినపుడు ఏ నుండి ఇ వరకు పేర్లుగలవారికి నూటికి 0.3 మార్కు ఎక్కువయు, అక్షరమాల తుదనున్నవారికి ఇంచుమించు అంతే తక్కువయు వచ్చినది. చివరివారికి వ్రాసిన వ్యాఖ్యలలో కాఠిన్యమును హెచ్చినది. దిద్దువారు జడ్ నుండి ఏ వైపునకు నడచినపుడు ఫలితము తలక్రిందులైనది. కావున లోపము వై పేరుగల విద్యార్థి తెలివిలో లేదు. దిద్దు చేతి అలసటలో ఉన్నది. 0.6 మార్కు తేడా అల్పమేయని తోచవచ్చును; తరగతి గట్టున నిలిచిన విద్యార్థికి అర మార్కు ఎంతటిదో ఈ ప్రాంగణమున ఎవరికిని చెప్పనక్కరలేదు.

మన రాతపరీక్షలకు ఈ ప్రమాదము కొంత తక్కువ. జవాబుపత్రముపై పేరుండదు, హాల్ టికెట్ నంబరే ఉండును. అయితే అనేక కళాశాలలలో ఆ నంబర్లే పేర్ల వరుసలో ఇచ్చినవి. పత్రముల కట్టయు ఆ వరుసనే పేర్చియుండును. పేరు దాగినను వరుస దాగదు.

అంతకుముందే, 2006లో, లిరాన్ ఐనావ్, లియాత్ యారివ్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలోని 35 ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర విభాగముల అధ్యాపకులను పరిశీలించి, ఇంటిపేరు అక్షరమాల ముందరి భాగమున నున్నవారికి ఉన్నత విభాగములలో స్థిరమైన పదవి దొరకు అవకాశము హెచ్చుగానున్నదని చూపిరి. మనస్తత్వశాస్త్ర విభాగములలో అట్టి తేడా వారికి కనబడలేదు. ఏలయన ఆర్థికశాస్త్రమున ఉమ్మడి పత్రములపై రచయితల పేర్లు అక్షరక్రమమున వేయుట ఆచారము. మనస్తత్వశాస్త్రమున అట్లు కాదు. ముగ్గురు నలుగురు కలిసి వ్రాసిన పత్రమును ఇతరులు ఉదహరించునపుడు తొలిపేరు వ్రాసి తక్కినవారిని "తదితరులు" అను ఒక్క మాటలో కలిపివేయుదురు. ఏండ్లు గడచినకొలది తదితరుల ముఖములను లోకము మరచిపోవును.

రోడ్డుకు ఆవల ఒక న్యాయము, ఈవల ఒక న్యాయము

ఈ భేదము చూచుటకు అమెరికా వెళ్లనక్కరలేదు. తార్నాక చౌరస్తానుండి ఉప్పల్ వైపు సాగినచో ఐఐసిటి, ఆపైన హబ్సిగూడలో సిసిఎంబి అను పరిశోధన సంస్థలు వచ్చును. అచటి రసాయన, జీవశాస్త్ర పరిశోధనలలో పత్రముపై పేర్ల వరుసకు స్పష్టమైన అర్థమున్నది: రాత్రింబవళ్లు ప్రయోగము చేసిన విద్యార్థి పేరు మొదట, ప్రయోగశాలకు పెద్దయైన శాస్త్రజ్ఞుని పేరు చివర. అక్కడ వై పేరుగల విద్యార్థి కష్టపడినచో తొలిపేరు వానిదే. అదే చౌరస్తానుండి విశ్వవిద్యాలయము వైపు మళ్లి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల గులాబిరాతి భవనమును చేరినచో, ఆర్థికశాస్త్రమున ఆచారము వేరు, గణితమునను అంతే. గణితజ్ఞులు ఉమ్మడి పత్రములపై పేర్లను అక్షరక్రమమున వేయుదురనియు, ఆ వరుస ఎవరి కృషిని ఎక్కువ తక్కువలు చేయదనియు అమెరికా గణిత సంఘము 2004లో ఒక ప్రకటనయే చేసినది.

ఆ ఆచారము సదుద్దేశముతో పుట్టినదే. అందరును సమానులనుటకు అంతకంటె మర్యాదైన పద్ధతి తోచక దానిని పట్టుకొనిరి. మన దేశమున అది వచ్చి యు.జి.సి. లెక్కలతో ఢీకొన్నపుడు మర్యాద కాస్త నష్టముగా మారినది. 2018 జులైలో వెలువడిన యు.జి.సి. నిబంధనలమేరకు సాంఘిక శాస్త్రములలో ఒక పరిశోధన పత్రమునకు 10 పాయింట్లు, విజ్ఞాన శాస్త్రములలో 8. రచయితలు ఇద్దరైనచో ఒక్కొక్కరికి 70 శాతము. ఇద్దరికి మించినచో తొలి లేక ప్రధాన రచయితకు, లేదా ఉత్తరప్రత్యుత్తరములు నడపు రచయితకు 70 శాతము, తక్కిన ప్రతివారికి 30 శాతము.

ముగ్గురు ఆర్థికశాస్త్ర అధ్యాపకులు సమముగా శ్రమించి ఒక పత్రము వ్రాసి, శాస్త్రాచారముచొప్పున అక్షరక్రమమున పేర్లు వేసికొనిరనుకొందము. ఏ పేరువారికి 7 పాయింట్లు, వి పేరువారికి 3, వై పేరువారికి 3. పది పత్రములు వ్రాయునప్పటికి ఆ తేడా 40 పాయింట్లు. ఉద్యోగమునకు, పదోన్నతికి చేయు లెక్కలలోనికి ఎక్కునది ఈ సంఖ్యయే. ప్రధాన రచయిత ఎవరో వేరుగా చెప్పుకొనుటకు నిబంధనలో చోటున్నమాట నిజము; కాని ఎవ్వరును ప్రధానులు కారనియే అక్షరక్రమము పాటించినవారు, పిదప వచ్చి ఒకరిని ప్రధానుని చేయుట ఎట్లు? దరఖాస్తు పరిశీలించువారి కంటికి మొదట ఆనునది మొదటి పేరే.

స్త్రీలకు ఇందులో మరియొక చిక్కు కలదు. పెండ్లితో ఇంటిపేరు మారిన పరిశోధకురాలు ఒక్కనాటిలో జాబితా మొదటినుండి చివరకో, చివరనుండి నడిమికో జరిగిపోవును. పెండ్లికి ముందటి పత్రములు ఒక అక్షరము క్రింద, తరువాతివి వేరొక అక్షరము క్రింద చీలిపోవును. విదేశమునకు వెళ్లు మన పిల్లలకును ఇట్టిదే సంభవించుచున్నది. ఇక్కడ ముందుండిన ఇంటిపేరు అక్కడి ఫారములలో వెనుకకు పోయి, తరతరముల ఇంటిపేరు మరుగుపడి, రావులు, రెడ్లు, కుమార్‌లు ఆయా అక్షరముల క్రింద గుంపులు గుంపులుగా చేరుచున్నారు.

సమానమైన మార్కులు, సమానమైన పుట్టినరోజులు

తార్నాకకు కొద్ది దూరముననే, దక్షిణ లాలాగూడలో, సికింద్రాబాదు రైల్వే నియామక మండలి కార్యాలయమున్నది. ఆర్ట్స్ కళాశాల మెట్లపైనను, గ్రంథాలయమునను, ప్రాంగణములోని చెట్లక్రిందను పగలంతయు పుస్తకములు ముందిడుకొని కూర్చుండు వందలాది యువకులలో ఎందరో ఆ మండలి ప్రకటనలకొరకే ఎదురుచూచువారు. 2019లో వెలువడిన ఎన్.టి.పి.సి. అను రైల్వే సాంకేతికేతర ఉద్యోగముల ప్రకటనలో ఒక వాక్యమున్నది: ఇద్దరికి మార్కులు సమానమైనచో వయస్సున పెద్దవారిని ముందు నిలుపుదురు; వయస్సును సమానమైనచో పేరును ఎ నుండి జడ్ వరకుగల అక్షరక్రమమున చూచి నిర్ణయింతురు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలలోను తుది ఉపాయము ఇదే.

మార్కులను నార్మలైజు చేసి దశాంశములవరకు లెక్కించుటవలన ఇట్టి సందర్భములు అరుదని అధికారులు చెప్పవచ్చును, అది కాదనలేము. అయితే ఒకే పుట్టినతేదీ అనునది అందరికిని ఒకే విధముగా అరుదు కాదు. పట్టణపు బిడ్డకు ఆసుపత్రి ధ్రువపత్రమున్నది. పల్లెలో, చదువెరుగని తల్లిదండ్రులు బిడ్డను చేయిపట్టుకొని బడికి తెచ్చి, "ఎప్పుడు పుట్టిండో యాది లేదు సారూ, మీరే ఏదన్న రాయుండ్రి" అన్నపుడు, ప్రధానోపాధ్యాయుడు జూన్ మాసములోని ఒక తేదీ వ్రాసి చేర్చుకొనుట నిన్నమొన్నటివరకు పరిపాటి. అట్లు ఒక్కొక్క బడిలో బారులు తీరిన పిల్లలందరును ఒకే దినమున జన్మించినవారైరి. వయస్సుతో తేల్చుకొనుమని నిబంధన చెప్పునపుడు, ఆ మెట్టున తేలక అక్షరక్రమమువరకు ఈడ్వబడుటకు హెచ్చుగా వీలున్నది ఈ తొలితరపు చదువరులకే. వారిలో యాదగిరి యను పేరువాడున్నచో, తండ్రి మ్రొక్కుకొని పెట్టుకొన్న దేవుని పేరే వానికి అడ్డు నిలుచును.

పెద్దల విషయమున మాత్రము చట్టము వేరు దారి చూపుచున్నది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 65వ విభాగమున, ఇద్దరు అభ్యర్థులకు ఓట్లు సమానమైనచో చీటీ తీసి నిర్ణయింపవలెనని యున్నది. శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి చీటీ, రైల్వే గుమాస్తాకు అక్షరమాల అనుట న్యాయముగా లేదు.

> నిజామాబాదు ఓటుయంత్రము
>
> అభ్యర్థుల పేర్లను గుర్తింపుపొందిన పార్టీలవారు, తక్కిన నమోదైన పార్టీలవారు, ఇతరులు అని మూడు తరగతులు చేసి, ఒక్కొక్క తరగతిలో అక్షరక్రమమున వ్రాయవలెనని మన ఎన్నికల చట్టము చెప్పుచున్నది. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదునుండి 185 మంది పోటీచేసిరి. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధరలడుగుచు నామినేషన్లు వేసిన రైతులు. ఓటరు ముందు 12 బ్యాలెట్ యూనిట్లు పరచవలసివచ్చెను. అక్షరమాల తుదనున్న రైతు పేరు చేరుటకు ఓటరు బల్ల పొడవున నడువవలసియుండెను.
>
> అమెరికాలోని కాలిఫోర్నియాలో 1975 నుండి ప్రతి ఎన్నికకును అక్షరములను చీటీలు తీసి కొత్త వరుస ఏర్పరచుచున్నారు.

చీటీ తీయుడు

ఈ రుగ్మతకు మందు ఖరీదైనది కాదు. ఆర్థికశాస్త్రజ్ఞులైన దేబ్‌రాజ్ రే, ఆర్థర్ రాబ్సన్ 2018లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఒక మార్గము ప్రతిపాదించిరి: ఉమ్మడి రచయితలు నాణెమెగురవేసి వచ్చిన వరుసలో పేర్లు వేసికొని, ఆ వరుస యాదృచ్ఛికమని తెలుపు ఒక గుర్తును పేర్ల నడుమ నుంచవలెను. అమెరికా ఆర్థికశాస్త్ర సంఘము దానిని ఆమోదించినది. జీవశాస్త్రజ్ఞులు సమముగా శ్రమించినవారి పేర్లపై నక్షత్రపు గుర్తుంచి, అడుగున ఒక పంక్తి వ్రాయుచునే యున్నారు.

కావున విభాగాధిపతులకు నా మనవి యిది. రాబోవు ప్రాక్టికల్ పరీక్షలనాటి ఉదయమున, ఎక్స్‌టర్నల్ కూర్చున్న పిదప, విద్యార్థుల యెదుటనే రోల్ నంబర్ల చీటీలు ఒక బీకరులో వేసి ఒకటి తీయుడు. ఆ నంబరునుండి మొదలిడి వరుసగా పిలువుడు, తుదకు చేరినంతనే మొదటికి తిరిగిరండు. దీనికి సెనేటు తీర్మానము అక్కరలేదు, ఉపకులపతి సంతకము అక్కరలేదు. కంప్యూటరుపై అసైన్‌మెంట్లు దిద్దు అధ్యాపకులు, ఆ సాఫ్ట్‌వేరులో వరుసను మార్చు వీలున్నచో, దిద్దుటకు ముందే మార్చుకొనవలెను. యు.జి.సి. వారు, పేర్లు అక్షరక్రమమున వేయు శాస్త్రములలో రచయితలందరికిని సమానభాగమని నిబంధనలో ఒక పంక్తి చేర్చవలెను. రైల్వే నియామక మండలులును, స్టాఫ్ సెలక్షన్ కమిషనును, మార్కులు, పుట్టినతేదీలు సమానమైన అభ్యర్థులను అక్షరమాలకు అప్పగించు వాక్యమును రానున్న ప్రకటననుండి తొలగించి, ఓట్లు సమానమైన శాసనసభ్యులకు పాటించు చీటీ పద్ధతినే వారికిని పాటింపవలెను.